మన బండే కదా

మా అక్క ఏదైనా అడిగిందంటే అది అడగడం కాదు, చెప్పడం. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు పొద్దున్నే షెడ్డుకు వచ్చి, స్టూలు తుడిచి వేసినా కూర్చోకుండా, "మీ బావ కారు బాగుచెయ్యాలి" అంది.

నేను ఎవరిదో ఇంజను విప్పుకుని మోచేతుల దాకా జిడ్డుతో ఉన్నాను. నాకు ముక్కు మీదే కోపమని వీధి వీధంతా చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ మా అక్క ఎదురుగా నిలబడితే ఆ కోపం ఎటు పోతుందో నాకే తెలియదు.

"దాన్ని తుక్కుకిచ్చెయ్యక, బాగుచేయించి ఏం చేసుకుంటావక్కా?"

"నడుపుతాను."

"ఆ కారా?"

"ఆ కారే. ఆ రోడ్డు మీదే. రేవు వైపు వాలులో దిగి, మలుపు దగ్గర బ్రేకు నొక్కి చూస్తాను. అక్కడ ఎంత మంచి బ్రేకున్నా బండి ఆగదని కొందరంటారు, ఎందుకాగదని కొందరంటారు. వాళ్ల మాటా వీళ్ల మాటా నాకెందుకు? నేనే చూసుకుంటాను. ఆగకపోతే సరే. ఆగిందంటే..." అక్క చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "ఆగిందంటే ఆయన ఆపలేదన్నమాట."

బావ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అంతకు రెండు నెలల ముందే, ఇరవై ఆరేళ్లు నడిపిన చిన్న ప్రింటింగు ప్రెస్సును మూసేశాడు. మూసేశాక ముందుగదిలో కుర్చీ వేసుకుని ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. జోకులతో జనాన్ని చంపుకుతినే మనిషి అలా అయిపోతే మా అందరికీ దిగులుగానే ఉండేది. ఒక రోజు పొద్దున అక్కకు విసుగు ముంచుకొచ్చింది. "పొద్దస్తమానం ఆ గోడను చూస్తే ఏమొస్తుంది? కాసేపు నా కళ్లెదుట లేకుండా ఎక్కడికైనా వెళ్లిరారాదూ!" అంది. మొగుడూ పెళ్లాం ఉన్న ప్రతి ఇంట్లోనూ నెలకోసారి వినిపించే మాటే. బావ సగం తాగిన కాఫీ గ్లాసును కిటికీలో పెట్టి, తాళాలు తీసుకుని వెళ్లాడు. ముప్పావుగంట తర్వాత రేవు వాలు చివర, మలుపు దగ్గర, కారు నేరుగా వెళ్లి రాతిగోడను గుద్దుకుంది.

విచారణకు వచ్చిన అధికారి కాగితంలో మూడు ముక్కలు రాశాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తులు లేవు. ముందు చక్రం దగ్గరి రబ్బరు గొట్టం గుద్దుకున్న దెబ్బకు తెగింది. మిగతా బ్రేకు గొట్టాలు మంచి స్థితిలో ఉన్నాయి. అంటే బ్రేకు ఉంది, మనిషే నొక్కలేదు. ఆ కాగితం ఎప్పుడూ అక్క చేతిసంచీలోనే ఉంటుంది. మడతల దగ్గర చిరిగితే వెనకాల టేపు అంటించుకుంది.

"నేనన్న మాటకే లేచి వెళ్లాడురా. అదే ఆఖరి మాట," అంది. "నువ్వు బాగుచెయ్యి చిన్నోడా. నాకు తెలియాలి."

నాకు యాభై మూడేళ్లు. అమ్మ పోయినప్పుడు ఆరు. ఆ రోజు నుంచీ నాకు అన్నం కలిపి పెట్టింది మా అక్కే కాబట్టి, ఆమెకు నేనింకా చిన్నోణ్నే. సరేనన్నాను.

పక్క షెడ్డులో ఉండే టింకరింగు మేస్త్రి నలిగిన ముందుభాగాన్నీ తలుపునూ సరిచేసి, పది రోజుల తర్వాత కారును నా షెడ్డులోకి తోశాడు. కింద నిలబడి పని చేసుకునేందుకు మా షెడ్డు మధ్యలో ఒక గొయ్యి ఉంది. దాని మీద కారును నిలబెట్టి, చక్రాల కింద ఇటుకలు పెట్టాను. హ్యాండు బ్రేకు ఎప్పుడో సాగిపోయింది. మార్పిస్తానంటే బావ వినేవాడు కాదు. "ఇటుక ఉండగా బ్రేకెందుకు బామ్మర్దీ, ఇటుకకి రిపేర్లు రావు" అనేవాడు.

తెగిన రబ్బరు గొట్టం తీసి కొత్తది వేశాను. బానెట్ కింది డబ్బాలో బ్రేకు ఆయిలు పోసి, పెడల్‌ను చేత్తో నొక్కాను. లోపల గాలి ఉంటుంది కాబట్టి మొదట్లో మెత్తగానే దిగుతుంది. పదిసార్లు నొక్కాను, ఇరవైసార్లు నొక్కాను. గట్టిపడలేదు. డబ్బాలో ఆయిలు మాత్రం తరిగిపోతోంది. ఎటు పోతోందిరా నాయనా అని తిట్టుకుంటూ గోతిలోకి దిగాను. ముందు చక్రాల దగ్గర పొడిగా ఉంది. వెనక ఇరుసు కిందికి వెళ్లేసరికి నా భుజం మీద చుక్క పడింది.

ఇక్కడ మా షెడ్డు అలవాటు ఒకటి చెప్పాలి. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అందుకని ఏటా వానలకు ముందు చుట్టాల బండ్లన్నిటికీ అడుగున నల్లపూత ఊరికే పూసిపెట్టడం నాన్న పెట్టిన అలవాటు. నాన్న పద్ధతి వేరు. ముందు ఇనుప బ్రష్షుతో గీకేవాడు. గొట్టాలన్నీ వేలితో తడిమి చూసేవాడు. అనుమానం వస్తే మార్చేవాడు. ఆ తర్వాతే పూత. బయటివాళ్ల బండ్లకు నేనూ అలాగే చేస్తాను. డబ్బు పుచ్చుకుంటాం కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాం. అక్కావాళ్ల బండి మాత్రం ఆదివారం వచ్చేది. అక్క క్యారియరు తెచ్చేది. బావ బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని నవ్వించేవాడు. తినేసి, ఆవలిస్తూ, అరగంటలో పూసి పంపేసేవాణ్ని. గీకడం వచ్చేసారి చూద్దాం, మన బండే కదా, అనుకునేవాణ్ని. ఒక ఏడు కాదు, వరసగా మూడేళ్లు అలాగే అనుకున్నాను.

ఇరుసు పైన ఒంపు తిరిగిన ఇనుప గొట్టాన్ని స్క్రూడ్రైవరు మొనతో గీకాను. నల్లటి పెచ్చు ఊడి వచ్చింది. దానితోపాటు గొట్టం తొక్క కూడా వచ్చింది. పూత కింద ఉప్పునీరు చిక్కుకుని, లోలోపలే తినేసింది. గోరంత పొడుగున చీలిక. ఆ కాలం కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే దారి, ఒక్క చోట చీలితే నాలుగూ పోయినట్టే.

ఇన్నాళ్లూ కారు పడి ఉన్న పోలీసు యార్డులో వానకు నాని చీలిందేమోనని ఒక్క నిమిషం ఆశపడ్డాను. టార్చి వేసి చూశాను. చీలికకు ఎదురుగా ఇరుసు మీద ఆయిలు చిమ్మిన మరక, విసనకర్రంత వెడల్పున, దుమ్ము పట్టి ఎండి గట్టిబడి ఉంది. ఊరికే నిలబెట్టిన బండిలో ఆయిలు కారుతుంది గానీ చిమ్మదు. పెడల్‌ను బలంగా తొక్కితేనే అలా చిమ్ముతుంది. బావ నొక్కాడు. ఒళ్లంతా కాలిలోకి తెచ్చుకుని నొక్కాడు.

గోతిలోనే చతికిలబడ్డాను. మొదట నాకు కలిగింది సంతోషం. సిగ్గు లేకుండా చెబుతున్నాను. బావ చావాలనుకోలేదు, ఆగాలనుకున్నాడు! అక్కకు వెంటనే ఫోను చెయ్యాలని చెయ్యి జేబులోకి వెళ్లింది. అప్పుడు వేళ్లకు అంటుకున్న నల్లపెచ్చు కనబడింది. ఆ నలుపు నేను పూసిందే. ఆ అధికారి గొట్టాలు బాగున్నాయని రాసింది కూడా ఈ నలుపు నిగనిగ చూసే. ఫోను బయటికి తియ్యలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, కంచం ముందు కూర్చుని మా ఆవిడకు అంతా చెప్పాను. వడ్డించిన గరిటె ఆమె చేతిలో అలాగే ఉంది.

"యార్డులో నాని తుప్పు పట్టిందని చెప్పండి. ఎవరు కాదంటారు?" అంది.

"అలా చెబితే, ఆ రోజు బ్రేకు బాగానే ఉందని చెప్పినట్టే కదా. బావ నొక్కలేదనేగా!"

"అయితే అసలేమీ చెప్పకండి. కొత్తవి వేసి ఇచ్చెయ్యండి. ఆవిడ పడుతున్నది చాలదా? మొగుడు పోయాడు. ఇప్పుడు తమ్ముడు కూడా లేకుండా పోవాలా?"

"నీకేం తెలుసు, నోరు మూసుకో" అని కంచం నెట్టేశాను. మా ఆవిడ కోప్పడలేదు. కంచం మళ్లీ ముందుకు జరిపి, "నా మీద అరిచి తేలికపడితే అరవండి. కానీ తినండి" అంది. నేను అరిచింది ఆమె మీద కాదని ఆమెకు తెలుసు. తినలేకపోయాను.

ఆ సాయంత్రమూ మర్నాడూ గొట్టాలు మార్చాను. వెనకది ఒక్కటే కాదు, మొత్తం అన్నీ. పాత నట్లు తుప్పుకు పట్టేసి, స్పానరు వేస్తే మూలలు అరిగిపోయాయి. వేడిచేసి, నూనె పోసి, తిట్టి, బతిమాలి ఒక్కొక్కటే విప్పాను. పురికొసతో పాత గొట్టం ఒంపులన్నీ కొలుచుకుని, కొత్త గొట్టం కోసి, అదే ఒంపులో వంచాను. గొట్టం అంచును వెడల్పు చేసేముందు నట్టును దానికి ఎక్కించాలి. అంచు విచ్చుకున్నాక ఇక నట్టు ఎక్కదు. పని నేర్చుకున్న మొదటి వారంలో ఎవరైనా చేసే తప్పది. ఆ రోజు నేను రెండుసార్లు చేశాను. రెండుసార్లూ చేసిన అంచును కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టాను.

చేతులు పనిలో ఉన్నాయి గానీ బుర్ర ఒక్కచోటే తిరుగుతోంది. నేను నోరు విప్పకపోతే ఏమవుతుంది? అక్క కారు తీసుకుని ఆ వాలులో దిగుతుంది. మలుపు దగ్గర బ్రేకు నొక్కుతుంది. నేను వేసిన కొత్త గొట్టాలకు కారు గోడకు ఎంతో దూరంలోనే బుద్ధిగా ఆగుతుంది. ఆయనే ఆపలేదు, నా మాటకే వెళ్లి చచ్చిపోయాడు అని అక్కకు రూఢి అయిపోతుంది. నా పని ఎంత బాగుంటే బావ మీద నేరం అంత గట్టిపడుతుంది. పని పాడుచేసి ఇద్దామా అన్న ఆలోచన కూడా రాకపోలేదు. ఛీ, అందులో కూర్చునేది మా అక్క. ఈ బండి ఇక బాగుపడదు, తుక్కుకే పంపుదాం అని చెప్పడానికి ఫోను తీసి, నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. అలా చెబితే నేను బతికిపోతాను. అక్క మాత్రం ఆ కాగితానికి టేపులు అంటించుకుంటూ బతకాలి.

మూడో రోజు పొద్దున అక్క వచ్చింది. "అయిందా?" అంది గుమ్మంలోంచే.

"గాలి తియ్యడం ఒక్కటే మిగిలింది. కూర్చో అక్కా. ఒకటి చూపించాలి."

ఈసారి కూర్చుంది. పాత గొట్టం ముక్కను తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. చీలిక మీద వేలు పెట్టి చూపించాను. గోతిలోకి దింపి, టార్చి వేసి, ఇరుసు మీది మరక కూడా చూపించాను. నిలబెట్టిన బండిలో అలా ఎందుకు చిమ్మదో చెప్పాను. చీలాక ఆయిలంతా అక్కడి నుంచే పోతుందనీ, ఆ తర్వాత ఎంత తొక్కినా చక్రం పట్టదనీ, చక్రం పట్టకపోతే రోడ్డు మీద గుర్తు పడదనీ చెప్పాను. ఆ వేగంలో స్టీరింగు తిప్పినా ఆ మలుపులో తిరగదని కూడా చెప్పాను.

"అంటే నొక్కాడా?" అంది.

"నొక్కాడు."

"నిజంగా నొక్కాడా? నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావా?"

"నొక్కకపోతే ఈ మరక పడదక్కా."

అక్క గోతి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఎనిమిది నెలల్లో ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. బావ శవం దగ్గర కూడా పళ్లు బిగించుకుని, కోపంగా కూర్చుంది. ఇప్పుడు చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని నవ్వింది కూడా. అక్కడితో ఆపేస్తే బాగుండునని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను.

"మరి ఆ కాగితంలో గొట్టాలు బాగున్నాయని రాశాడేం ఆ గుడ్డివాడు?"

"పైన నల్లపూత ఉంది కదా. కొత్తగా కనబడ్డాయి."

"ఆ పూత..." అని ఆగింది. నా చేతిని పట్టుకున్న ఆమె చెయ్యి ఇంకా అలాగే ఉంది. "పూసేముందు గీకుతారుగా. నాన్న గీకేవాడుగా."

"నేను గీకలేదు."

"ఆ ఏడా?"

"మూడేళ్లూ గీకలేదక్కా. మన బండే కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. గీకి ఉంటే అప్పుడే కనిపించేది. మారిస్తే ఒక పూట పని."

అక్క నా చెయ్యి వదిలింది. విసిరి కొట్టలేదు, మెల్లగా వదిలింది. నిచ్చెన పట్టుకుని గోతిలోంచి పైకెక్కింది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతుందనుకున్నాను. కారు తలుపు తీసిన చప్పుడైంది. సీటు కిర్రుమంది.

"గాలి తియ్యాలన్నావుగా. కానియ్యి," అంది పైనుంచి.

ఆ పనికి ఇద్దరు కావాలి. పైన ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, కింద ఒకరు చక్రం వెనక నట్టు కొద్దిగా వదులు చెయ్యాలి. గాలీ ఆయిలూ బుడబుడా బయటికి వస్తాయి. నట్టు బిగించాకే పైన కాలు తియ్యాలి. నేను "నొక్కు" అంటే అక్క "నొక్కాను" అంది. "వదులు" అంటే "వదిలాను" అంది. అంతకుమించి ఒక్క మాట లేదు. నాలుగు చక్రాలకూ అయ్యేసరికి గంట పట్టింది. పెడల్ రాయిలా గట్టిపడింది.

"అయిపోయిందక్కా. ఇక దిగు."

అక్క దిగలేదు. "ఆ రోజు ఇది కాలి కింద ఎలా ఉండి ఉంటుంది?" అంది.

"ఎందుకక్కా ఇప్పుడు?"

"అడిగినదానికి చెప్పు."

వెనక చక్రం నట్టును పూర్తిగా వదులు చేశాను. "నొక్కు" అన్నాను.

పెడల్ సర్రున దిగి నేలకు తగిలింది. ఆయిలు నా మణికట్టు మీదుగా మోచేతికి కారింది. తర్వాత మళ్లీ పెడల్ నేలకు తగిలిన చప్పుడు. మళ్లీ. అక్క కాలు ఎత్తి, బలం కొద్దీ తొక్కుతోంది. ఒకదాని మీద ఒకటి, ఆపకుండా. డబ్బాలో ఆయిలు అయిపోయి ఉత్త గాలి కొట్టేదాకా తొక్కింది. నేను ఆ నట్టు పట్టుకుని కింద నిలబడి ప్రతి దెబ్బా విన్నాను.

"వాలు మొదలైన చోటి నుంచి గోడదాకా ఎంతసేపు పడుతుంది?" అంది రొప్పుతూ.

"పది, పన్నెండు సెకన్లు."

"అయితే చాలాసార్లు నొక్కి ఉంటాడు," అంది. ఆ తర్వాత, "ఇంటికి రావాలనే నొక్కాడు," అంది. ఆ మాట నాతో అన్నది కాదు.

ఆయిలు మళ్లీ పోసి, గాలి మళ్లీ తీశాం. ఈసారి కూడా నొక్కాను, వదిలాను అన్న మాటలే. అన్ని నట్లూ రెండేసిసార్లు చూసి బిగించాను. ఇటుకలు తీసేశాను. షెడ్డు వాకిట్లో నాలుగు చుట్లు తిప్పి, నాలుగుసార్లు ఆపి చూపించి, తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

"వాలు వైపు వెళ్తావా?"

"ఇంకెందుకు? ఇంటికే." తలుపు వేసుకుంది. చేతిసంచీలోంచి ఆ టేపు కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, కిటికీలోంచి నా చేతికిచ్చింది. "వచ్చే ఏడు దీని పని బయట ఎవరి దగ్గరైనా చేయించుకుంటాలే," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ల మీద పడి ఉండేవాణ్ని.

గేటు దగ్గర కారు ఆగింది. వెనక రెండు ఎర్రదీపాలూ వెలిగాయి. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గబగబా నాలుగడుగులు వేశాను. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క మాట అంటుందేమో, తిట్టనైనా తిడుతుందేమో అనుకున్నాను. రోడ్డు మీద బస్సు పోతోంది. అది పోయేదాకా ఆగి, అక్క బండిని రోడ్డెక్కించింది.